మూడో వరసలో నీడ

రోజూ తొమ్మిదిన్నరకి ఎం.ఏ. చరిత్ర క్లాసు మొదలయ్యేది. అంతకు ముందే గుమాస్తా వచ్చి కిటికీలు తెరిచి, కుర్చీలు తుడిచేవాడు. నీడలు కూర్చున్న కుర్చీల్ని మాత్రం చుట్టూ తుడిచి వదిలేసేవాడు. చదువు మధ్యలో మానేసిన వాళ్ల నీడలవి. మనుషులు వెళ్లిపోయినా అవి క్లాసులోనే ఉండిపోయాయి. మొత్తం ఏడు. పాఠం చెబుతున్నంతసేపూ తల వంచుకుని రాసుకునేవి. విద్యార్థులు వాటి ఒళ్లో సంచులు పెట్టకుండా చూసుకునేవాళ్లు, అంతే.

ఆ క్లాసులో ఒకమ్మాయికి అది చివరి టర్ము. పాత కోర్టు వాంగ్మూలాల్లో ఆడవాళ్లు చెప్పిన మాటల మీద డిసర్టేషన్ రాస్తోంది. సగం అయింది. ఇంతలో మేనమామ వేరే ఊళ్లో బీమా ఆఫీసులో ఉద్యోగం చూశాడు. సోమవారం చేరాలి.

"చేతికందినదాన్ని నోటికందకుండా చేసుకోకు," అంది అమ్మ. "చచ్చినవాళ్ల మాటలు ఎక్కడికీ పోవు."

అమ్మ మాట కాదనలేక, మానేస్తున్నానని ఉత్తరం రాసి గుమాస్తాకి ఇచ్చింది.

"ముద్ర రేపు వేస్తాను," అన్నాడతను, ఆమె కాళ్లవైపు చూస్తూ. "అప్పుడే వదులవుతోంది, చూసుకున్నారా?"

చూసుకుంది. తను గుమ్మం దాటినా నీడ ఇంకా బల్ల దగ్గరే ఉంది. నాలుగడుగులు వేశాక, మనసు లేకుండా వచ్చినట్టు నెమ్మదిగా వచ్చింది. మడమలు చల్లబడ్డాయి.

నోట్సు మర్చిపోయానని క్లాసులోకి వెళ్లింది. నీడలు తప్ప ఎవరూ లేరు. రెండేళ్లుగా చూస్తున్నవే. కానీ ఇప్పుడు మూడో వరసలోని నీడ రాయడం ఆపి, మెడ వెనక రుద్దుకుని, చెవి తమ్మె ఒకసారి లాక్కుంది. స్టవ్ ముందు నిలబడి రోజుకి పదిసార్లు అలా చేసే మనిషి ఆమెకి ఒక్కతే తెలుసు.

అమ్మకి నీడ లేదని ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నప్పుడు ఎండలో నాన్న వెనకే నడిచేది, అమ్మ వెనక నడిస్తే ఏం లాభమని. ఎందుకు లేదని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఆ సాయంత్రం అడిగింది.

"అమ్మా, నువ్వు ఎం.ఏ. చదివావా?"

కూర తరుగుతున్న కత్తి ఆగింది.

"ఒక ఏడాది. మీ తాతయ్యకి పక్షవాతం వస్తే, నాలుగు రోజులని వెళ్లాను." కత్తి పక్కన పెట్టి, "అది ఇంకా అక్కడే ఉందా?" అంది.

"ఉంది. రాస్తోంది."

"ముప్పై ఎనిమిదేళ్లు! పాపం, దానికి తిండీ తిప్పలూ లేవు."

మర్నాడు ఇద్దరూ వెళ్లారు. అమ్మ దాన్ని వెంటబెట్టుకొచ్చేద్దామనే బయల్దేరింది. మూడో వరస దగ్గర నిలబడి, "పదవే, ఇంటికి పోదాం," అని పిలిచింది. నీడ తలెత్తలేదు. కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది. ఇంతలో ప్రొఫెసరమ్మ లోపలికి రావడంతో, అమ్మ గబుక్కున అక్కడే కూర్చుంది.

ఆ రోజు చదివింది కూతురు వెతికి తెచ్చిన కాగితమే. వందేళ్ల కిందటి కేసు, ఒకతని చావు మీద విచారణ. అతని భార్య సాక్షి. చివర్న "సాక్షి ఏమీ మాట్లాడలేదు" అని ఉంది.

"ఎందుకు మాట్లాడలేదంటారు?" అడిగింది ప్రొఫెసరమ్మ.

భయమన్నారొకరు. దుఃఖమన్నారింకొకరు.

"ఎవరూ అడగలేదేమోనండీ."

అమ్మ అన్న మాటే. కానీ ఆమె పెదవులు కదలడానికి ఒక్క క్షణం ముందే, ఇరవై రెండేళ్ల గొంతొకటి ఆ మాట అనేసింది. మిగతా ఆరు నీడలూ రాయడం ఆపి అటు తిరిగాయి.

"బాగుంది. రాసుకోండి," అంది ప్రొఫెసరమ్మ. నీడలన్నీ రాసుకున్నాయి.

కూతురు రాయలేకపోయింది. అరవై పేజీలు నింపినా ఆ మాట తనకి తట్టలేదు. ఇరవైమూడేళ్లు అమ్మ చేతి తిండి తిని, ఒక్క ప్రశ్న అడగలేదు.

క్లాసు అయ్యాక తిన్నగా గుమాస్తా దగ్గరికి వెళ్లింది.

"నా ఉత్తరం ఇచ్చేయండి."

"మరి ఉద్యోగం?"

"వాళ్ల మామయ్యకి నేను చెబుతాలెండి," అంది వెనకనుంచి అమ్మ.

గుమాస్తా ఇంకా ముద్ర పడని ఆ ఉత్తరం వెనక్కిచ్చాడు. అమ్మ కదల్లేదు. నెరిసిన ముడితో ఆమె నిలబడి ఉంటే, వెనక గోడ మీద పొడుగాటి జడతో సన్నటి నీడ నిలబడి ఉంది.

"నాకూ ఒక ఫారం ఇవ్వండి, బాబూ."

అతను ఫారం తీసి, పెన్ను మూత విప్పాడు. "వయసు?"

అమ్మ ఒకసారి గోడవైపు చూసింది.

"మా ఇద్దరిలో ఎవరిది?"