మా అల్లుడి ఊఁ

ఒక శాసనసభ్యుణ్ణి చేత్తో మలిచినవాణ్ణి నేను. పార్టీ తయారుచేసిందని కొందరంటారు, నమ్మకండి. మా అక్క కొడుకు ఎమ్మెల్యే అయ్యాడంటే అది నా కథల చలవ. చిన్నప్పుడు మధ్యాహ్నంపూట వాణ్ణీ, వాడి అక్కనీ పక్కన కూర్చోబెట్టుకుని, నేను మొసలి వీపెక్కి ఏరు దాటిన కథ చెప్పేవాణ్ణి. కథ చెప్పేవాడికి ఊఁ కొట్టేవాడుండాలి. ఆ పిల్ల మాటిమాటికీ అడ్డం పడేది, "మొసలికి ఆకలెయ్యలేదా మావయ్యా?" అని. వాడు మాత్రం ఎక్కడ కొట్టాలో అక్కడ, మెత్తగా, వినయంగా ఊఁ కొట్టేవాడు.

ఆ ఊఁ మీదే వాడి రాజకీయం నిలబడింది. పార్టీ పెద్దాయన నోరు తెరిస్తే మూసే రకం కాదు. ఆయన కారులో ఊఁ కొట్టేవాళ్ళు చాలామందే ఎక్కారుగానీ, మావాడంత కుదురుగా కొట్టినవాడు లేడు. టికెట్టిచ్చారు. గెలిచాడు. మళ్ళీ గెలిచాడు. ముందుగది నిండా జనం. పొలం గట్టు తగాదాలో అన్న వచ్చి చెప్పుకుంటే ఊఁ అన్నాడు, ఆ వెనకాలే తమ్ముడొచ్చి చెప్పుకుంటే ఊఁ అన్నాడు. ఇద్దరూ గెలిచామనుకుంటూ వెళ్ళి గట్టుమీద తలలు పగలగొట్టుకున్నారు.

వాడి అక్క మా ఊరి చిన్నాసుపత్రిలో నర్సు. కాన్పుల గది ఆవిడ చేతిమీదే నడిచేది. అలాంటి గదులన్నీ మూసేసి పట్నం పెద్దాసుపత్రిలో కలిపెయ్యాలని సభలో బిల్లు పెట్టారు. నా మేనకోడలు నన్ను వెంటబెట్టుకుని తిన్నగా తమ్ముడింటికెళ్ళింది. వాడు పేపరు చూస్తున్నాడు.

"పట్నం దారిలో రైలు గేటుందిరా. గేటు పడిందని నొప్పులు ఆగుతాయా?"

"ఊఁ."

"ఊఁ ఏంట్రా, ఆగుతాయా?"

"అబ్బే, ఎందుకాగుతాయక్కా."

"అయితే రేపు సభలో వద్దని చెప్పు. మీ పార్టీ బిల్లయినా సరే. చెప్తావా?"

"ఊఁ."

గుమ్మం దాటాక, "మాటిచ్చాడు మావయ్యా" అంది.

మర్నాడు సభలో, పైన సందర్శకుల వరుసలో కూర్చున్నాం. బిల్లు కావాలనేవాళ్ళు అవుననండి అన్నారు సభాపతి. పెద్ద మోత లేచింది. ఆ మోత అడుగున మావాడి ఊఁ. నా మేనకోడలు ముందున్న కమ్మీని గట్టిగా పట్టుకుంది. వద్దనేవాళ్ళు కాదనండి అన్నారు. దానికీ మావాడు ఊఁ అన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, మనిషి మాత్రం నిద్రలో ఉన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. వీడు నా కథ ఒక్కటీ వినలేదు. మొసలి ఆకలి సంగతి అడగని పిల్లాడు కథ విన్నట్టెలా అవుతుంది? నేను మలిచానన్నది ఉత్త కోత. నా పక్కన కూర్చుని వాడు సాధన చేసింది నిద్ర.

బయట వరండాలో పట్టుకున్నాం.

"బిల్లు ఇవాళే వచ్చిందా అక్కా?" అన్నాడు.

"నీ కొంపకి నిప్పెడతామన్నా ఊఁ అంటావురా నువ్వు" అన్నాను నేను.

"కోప్పడకు మావయ్యా, నేనొక్కణ్ణి కాదంటే ఆగేదా?" అన్నాడు.

ఆగేది. పక్క నియోజకవర్గం సభ్యురాలు లేచి నిలబడి గొంతు చించుకుంటే, మంత్రి విసుగెత్తి ఆవిడ ఊరి గదిని వదిలేశాడు. మా ఊరి గదికి తాళం పడింది.

ఇక్కడ నేను కోతలు కొయ్యను. ఇటుకబట్టీలో పనిచేసే పిల్లకి నొప్పులొస్తే, నా మేనకోడలు ఆటోలో పట్నం తీసుకెళ్ళింది. గేటు పడింది. గూడ్సుబండి నత్తలా పాకుతోంది. ఆటోలోనే పురుడు పోసింది. తల్లి బతికింది. బిడ్డకి ఊపిరందించే పరికరం తాళం వేసిన గదిలో ఉంది.

ఎమ్మెల్యే పరామర్శకెళ్ళాడు. "ఇదంతా మీవల్లే కదయ్యా?" అందా తల్లి. ఊఁ అన్నాడు. రాజకీయాల్లోకి వచ్చాక వాడు పలికిన నిజం అదొక్కటే, అదీ వినకుండా పలికాడు.

ఎన్నికలొచ్చాయి. బజారులో మీటింగు. "ఈసారీ నన్నే గెలిపిస్తారు కదా?" అన్నాడు మైకులో. జనమంతా ఒక్క గొంతుతో, మెత్తగా, వినయంగా ఊఁ అన్నారు. వాడు మురిసిపోయి చేతులూపాడు. చిత్తుచిత్తుగా ఓడిపోయాడు.

కొత్తాయన వచ్చాడు. గది తాళం సంగతి అడిగితే "చూద్దాంలేమ్మా" అన్నాడు. నా మేనకోడలు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "చూడండి సార్, మీరు చూసేదాకా నేను మిమ్మల్నే చూస్తుంటాను" అంది. డ్యూటీ దిగగానే ఇప్పటికీ వెళ్ళి కూర్చుంటోంది. తాళం ఇంకా తియ్యలేదు.

ఇందులో నేను కల్పించింది ఒకటుంది. మొసలి కాదు, ఆ మొసలి నిజమే. మీటింగులో జనమంతా ఊఁ అనలేదు. అందరూ నోళ్ళు బిగించి నిలబడ్డారు. ముందువరుసలోంచి ఒక్క గొంతే ఊఁ అంది. అది వాడి అక్కది. ఆ ఒక్క ఊఁ వినే వాడు మురిసిపోయాడు.