రౌడీకి నాలుగడుగుల తొట్టి

లిఫ్టు మెకానిక్‌కి కుదురన్నది పుట్టుకతోనే లేదు. టీ గ్లాసు చేత్తో పట్టుకుని కిటికీ నుంచి వంటింటి గుమ్మం దాకా, గుమ్మం నుంచి మళ్ళీ కిటికీ దాకా తిరుగుతూనే తాగుతాడు. ఆ వారమైతే మరీ కాలుగాలిన పిల్లి అయిపోయాడు. దానికి కారణం రౌడీ.

రౌడీ అంటే మనిషి కాదు లెండి, చేప. ఆస్కార్ జాతి. కొన్నప్పుడు అగ్గిపెట్టెంత ఉండేది. ఏడాది తిరిగేసరికి జానెడు దాటి అడుగుకి వచ్చింది. తొట్టి మాత్రం అదే పాత రెండడుగుల తొట్టి. పక్కకి తిరగబోతే మూతి ఒక అద్దానికి, తోక ఇంకో అద్దానికి కొట్టుకుంటోంది. ఒకప్పుడు వేలు చూపిస్తే మీదికి దూకే గడుసుది, ఇప్పుడు మేత ముట్టకుండా మూలన పక్కకి ఒరిగి పడుకుంటోంది. దాన్నలా చూస్తుంటే మెకానిక్‌కి ముద్ద దిగడం లేదు.

చేపల దుకాణం ఆయన మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"ఇలాగే ఉంచితే ఎన్నాళ్ళో బతకదండీ. నాలుగడుగుల పొడవు ఉండి తీరాలి. పొడవొక్కటే చూస్తే లాభం లేదు, వెడల్పు అడుగున్నర లేకపోతే అది తిరగలేదు. తిండిపోతు కాబట్టి, ఆ సైజు తొట్టికి మామూలుగా వాడే ఫిల్టరుకి రెట్టింపుది పెట్టాలి. మూత బరువుగా ఉండాలి, లేదంటే ఎగిరి కింద పడుతుంది."

"మొక్కలు?" అంది వెంట వచ్చిన భార్య. ఆవిడకి మొదటినుంచీ పచ్చని ఆకుల మధ్య ఎర్రటి బుల్లి చేపలు తిరిగే తొట్టి కావాలని కోరిక. ఈ నల్లటి మొద్దు చేప ఆవిడ ఎంపిక కాదు.

"ఇసుకలో నాటితే పొద్దున్నకల్లా పీకి పారేస్తుందమ్మా. దళసరి ఆకు మొక్క ఉంది, రాయికి దారంతో కట్టిస్తాను. దాని జోలికి పోతే నన్నడగండి."

"మొక్కని కూడా కట్టి పడెయ్యాలా దీని దగ్గర," అని ఆవిడ మొగుడి వంక చూసింది.

అసలు చిక్కు తొట్టి బరువు దగ్గర వచ్చింది. మెకానిక్ ఏ బరువునైనా కిలోల్లో కాదు, మనుషుల్లో లెక్కేస్తాడు. లిఫ్టులో రాసి ఉంటుందే, ఇంతమందికి మించి ఎక్కరాదని, ఆ అలవాటు. నీళ్ళు, అద్దం, ఇసుక, రాళ్ళు, కింద ఇనప స్టాండు అన్నీ కలిపి అయిదుగురు మనుషులూ ఒక పిల్లాడూ అని తేలింది. అయిదుగురు మనుషులు భోజనానికి వస్తే ఎవరూ భయపడరు, వాళ్ళు తిని వెళ్ళిపోతారు. వీళ్ళు మాత్రం వెళ్ళరు, రాత్రీ పగలూ అక్కడే నిలబడతారు. తను ఉండేదేమో పై అంతస్తు, పాత ఇల్లు. తొట్టి బరువు దూలం మీద పడేలా పెడితే దిగులు లేదు. మరి దూలం ఎటునుంచి ఎటు పోయిందో కింది ఇంటి కప్పు చూస్తే గానీ తెలియదు.

కింది ఇంట్లో ఉండేది అన్న. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. ఇద్దరూ కలిసి కొనుక్కున్న ఇల్లే అది. నీళ్ళ మోటారు ఎవరు ఆపకుండా వదిలేశారన్న దగ్గర మాటామాటా పెరిగి, ఏడాదిగా ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఆడవాళ్ళిద్దరూ మాత్రం హాయిగా రాకపోకలు సాగిస్తున్నారు. ఈ మగాళ్ళ పంతాలకి విలువిస్తే సంసారాలు నడిచేనా!

"నువ్వొకసారి వదిన దగ్గరికెళ్ళి, కప్పు వంక చూసి రా," అన్నాడు భార్యతో.

వెళ్ళింది, గంటసేపు కబుర్లు చెప్పి వచ్చింది.

"దూలం ఉందా?"

"ఉంది. లావుగా ఉంది."

"ఎటునుంచి ఎటు?"

"ఇటునుంచి అటు," అని గాల్లో చెయ్యి ఊపింది.

"ఆ చెయ్యి ఇక్కడ ఊపితే నాకేం తెలుస్తుంది? కిటికీ వైపా, తలుపు వైపా?"

"అంత కావాలంటే మీరే దిగండి. మీ అన్నగారి ఇంటికి దారి నన్నడక్కండి."

ఆ సాయంత్రం రౌడీ నీళ్ళ మీదికి వచ్చి నోరు తెరుచుకుంటూ ఆయాసపడింది. అది చూశాక మెకానిక్‌కి పంతం గింతం ఏమీ గుర్తు రాలేదు. టేపు జేబులో వేసుకుని మెట్లు దిగాడు. సగం దారిలో గుర్తొచ్చింది, ఆగాడు, పైకి రెండు మెట్లెక్కాడు, మళ్ళీ దిగాడు.

తలుపు అన్నే తీశాడు. ఏడాదిలో మనిషి బాగా చిక్కిపోయాడు. ఆ సంగతి తనకెవరూ చెప్పలేదేమని మెకానిక్‌కి కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

"దూలం చూడ్డానికొచ్చాను," అన్నాడు.

"చూడు," అని అన్న పక్కకి తప్పుకున్నాడు.

దూలం ఉంది. కిటికీ నుంచి వంటింటి గుమ్మం వైపు తిన్నగా పోయింది. మెకానిక్ టేపు పట్టుకుని కొలుస్తూ, తొట్టి సంగతి, రౌడీ సంగతి, అయిదుగురు మనుషుల సంగతి గబగబా చెప్పేశాడు. మోటారు మాట మాత్రం ఎత్తలేదు. అన్న అంతా విన్నాడు.

"అక్కడ పెట్టకురా," అన్నాడు చివరికి.

మెకానిక్‌కి ఒళ్ళు మండింది. "నీ నెత్తి మీద పడదులే. లెక్క చూశాను."

"నా నెత్తికేం. అది నువ్వు నడిచే దారి కదా. అడ్డంగా తొట్టి పెడితే ఎక్కడ నడుస్తావు?"

మెకానిక్ చేతిలో టేపు సర్రున వెనక్కి చుట్టుకుపోయింది.

"పొద్దున్నే నీ అడుగులు వినబడతాయి," అన్నాడు అన్న, కప్పు వంకే చూస్తూ. "కిటికీ దాకా, మళ్ళీ గుమ్మం దాకా. మాటలు లేకపోయినా, వీడు లేచాడు, బాగానే ఉన్నాడు అనుకుంటాను. మొన్న నువ్వు జ్వరంతో పడుకున్న మూడు రోజులూ ఆ చప్పుడు లేదు. మీ వదినని పైకి పంపి కనుక్కునేదాకా నాకు ఊపిరాడలేదు. అదీ ఆగిపోతే నాకిక నీ సంగతి ఎలా తెలుస్తుందిరా?"

ఏడాదిగా తను ఎవరి నెత్తి మీద తిరుగుతున్నాడో మెకానిక్ ఒక్కసారీ ఆలోచించలేదు. సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా అన్నని పట్టుకుని ఏడవాలనిపించింది. అది చేతగాక, టేపుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"మరి దాన్నెక్కడ పెట్టను? చచ్చిపోతుంది అన్నయ్యా," అన్నాడు.

"ఇక్కడ పెట్టు. ఈ గది కింద ఇంకెవరి ఇల్లూ లేదుగా, నేలేగా."

ఇంత తేలిక సంగతి తట్టలేదు చూడండి! ఎన్ని వందల లిఫ్టులకి బరువులు కట్టిన మనిషి, నేల మీద ఎంత బరువైనా నిలుస్తుందని తెలియనివాడు కాదు. కింది ఇల్లు అన్నదాన్నే లెక్కలోంచి కొట్టేసుకున్నాడు, అదీ జరిగింది.

"మేతకి మాత్రం నువ్వే రావాలి," అన్నాడు అన్న. "ఆ రౌడీ వెధవ నా వేలు కొరికితే ఊరుకోను."

"రోజుకి రెండుసార్లు వెయ్యాలి," అన్నాడు మెకానిక్, ముక్కు తుడుచుకుంటూ.

"రెండుసార్లూ రా."