మందు కాదు, ఆకారమే

మామిడికుదురు సెంటర్లో బస్సు దిగేసరికి ఆనందరావుకి తన మొహమే ఎదురొచ్చింది. రెండు సరుగుడు కర్రలకి కట్టిన ఫ్లెక్సీ మీద పదేళ్ళ కిందటి ఫొటో, జుట్టింకా నల్లగా ఉంది. ప్రభువు పటంలో తల వెనక వెలుగున్నట్టు ఆ తల వెనక రంగురంగుల రిబ్బన్లు చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. అది అతను ఆకారం తేల్చిన ప్రోటీన్ బొమ్మ. తలకిందులుగా వేశారు. ఆనందరావుకి నవ్వొచ్చింది. కింద రాసింది చదివాక ఆ నవ్వు కాస్తా పోయింది.

"రొయ్యల వైరస్‌కు మందు కనిపెట్టిన కోనసీమ ముద్దుబిడ్డ డాక్టర్ ఆనందరావు గారికి ఘన సన్మానం."

అతన్ని తీసుకెళ్ళడానికి బండేసుకొచ్చిన బావ జాషువా ఆ ఫ్లెక్సీని కన్నార్పకుండా చూస్తున్నాడు. హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. సభ ఏర్పాట్లన్నీ ఆయనవే.

"బావగారూ, మందేంటండీ? నేనేం మందు కనిపెట్టేను?"

"పేపర్లోనే వేసేరు కదరా, వైరస్ గుట్టు రట్టయిందని."

"గుట్టంటే ఆకారమండీ. ఆ వైరస్సు రొయ్య ఒంటికి దేంతో అతుక్కుంటుందో, అదెలా ఉంటుందో చూసేను. అంతే."

"ఆకారం తెలిసేక మందెంతసేపు? ఎక్కెక్కు. మీ అక్క పీతల పులుసు పెట్టింది."

ఆ ఆకారం కోసం ఆనందరావుకి హైదరాబాదు ల్యాబులో పద్దెనిమిదేళ్ళు కరిగిపోయాయి. ప్రోటీన్‌ని శుభ్రం చేసి, చిన్న చిన్న బొట్లు పెట్టి, అది కలకండలా పలుకు కడుతుందేమోనని కాసుకు కూచోవాలి. కట్టకపోతే ఉప్పు మార్చి, పులుపు మార్చి మళ్ళీ పెట్టాలి. కడితే అందులోంచి ఎక్స్-కిరణాలు పంపి, అవతల పడ్డ చుక్కల్ని బట్టి లోపలెలా ఉందో లెక్కగట్టాలి. ఏళ్ళ తరబడి పలుకే కట్టలేదు. కట్టినవాటిని తీరా పరీక్షకి పెడితే వట్టి ఉప్పని తేలేవి. ఆఖరికెలాగో ఒకటి కట్టింది. లెక్క తేలింది, వ్యాసం అచ్చయింది. అచ్చయిన వారంలోనే, అతని దగ్గర పరిశోధన చేసే దివ్య కంప్యూటర్లో కొత్త ప్రోగ్రామొకటి నడిపి, మధ్యాహ్నం భోజనాలయ్యేలోపు దాదాపు అదే ఆకారాన్ని తెర మీదకి తెచ్చింది. "మనది కరెక్టే సార్!" అని సంబరపడిపోయింది. ఆనందరావు కూడా సంతోషించాడు. ఇంటికెళ్ళి, బూట్లు విప్పకుండా మంచం మీద పడి, సాయంత్రం దాకా లేవలేదు.

బావగారింట్లో వరండా నిండా పొట్లాలున్నాయి. ప్రతి పొట్లం మీదా అదే నల్లజుట్టు మొహం. రొయ్యల మేత కొట్టు జగ్గారావు వైరస్సుకి మందని చేయించిన పొడట. రిటైరైనప్పుడొచ్చినదంతా పోసి జాషువా లీజుకి తీసుకున్న రొయ్యల చెరువుకి కిందటి పంటలో వైరస్సు తగిలింది. చుట్టుపక్కల చెరువులన్నిటిదీ అదే గతి. ఈసారి సంగతి తెలిసినవాళ్ళంతా చెరువులు ఎండగట్టుకు కూచున్నారు. జాషువా మాత్రం ఆ పొడిని నమ్మి నీళ్ళు పెట్టాడు. చెరువులో వెయ్యాల్సిన రొయ్యపిల్లల సీడు బండి మర్నాడు పొద్దున్నే వస్తుంది.

"సీడు వెయ్యకండి బావగారూ," అన్నాడు ఆనందరావు కంచం ముందు కూచుని. "ఆ పొడిలో ఏముందో కూడా నాకు తెలీదు. ఇప్పుడు వేస్తే మళ్ళీ పోతుంది."

జాషువా పీత డెక్క కొరుకుతూ పెళ్ళాం వంక చూసి నవ్వాడు. "చూసేవా సుందరం, మీ తమ్ముడేం మారలేదు. టెన్తులో మండలం ఫస్టొచ్చి, ఏదో పాసయ్యేనండీ అన్నాడు నాతో."

"అది వేరు, ఇది వేరండీ."

"ఆయ్, వేరే. కూర వేసుకో."

వద్దని చెయ్యి అడ్డం పెడితే, సుందరమ్మ ఆ చేతి పక్కనించి గరిటెడు పులుసు పోసింది.

మధ్యాహ్నం ఫంక్షన్ హాలు నిండిపోయింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. జాషువా, జగ్గారావు చెరోపక్కా పట్టుకుని ఆనందరావుకి శాలువా కప్పారు. ఉక్కపోతకి అది వీపుకి అతుక్కుపోయింది. అతను మైకు అందుకున్నాడు.

"అయ్యా, నేను మందు కనిపెట్టలేదు."

చప్పట్లు మోగాయి. జగ్గారావు మైకు లాక్కున్నాడు. "విన్నారాండీ? ఇంత చేసి, ఏం చెయ్యలేదంటున్నారండీ! చదువంటే ఇదండీ!"

"అది కాదండీ. ఈ పొడికీ నాకూ ఏ సంబంధం లేదు."

"ఆయ్! అంటే పైసా ఆశించలేదన్నమాటండీ!"

ఈసారి కొందరు లేచి నిలబడి మరీ కొట్టారు. ముందు వరసలోంచి వీరాయమ్మ అనే పెద్దావిడ చెయ్యెత్తింది. ఒళ్ళో రెండు పొట్లాలున్నాయి. "బాబూ, మా అబ్బాయీ సీడు చెప్పేడు. ఎకరానికి ఎన్ని చల్లమంటావు?"

ఆనందరావుకి అక్కడే కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకోవాలనిపించింది. ఇంకోసారి కాదంటే ఇంకోసారి చప్పట్లు. అతను పుట్టి పెరిగిన ఊళ్ళే ఇవి. ఇక్కడ వద్దంటే మొహమాటం, చాలంటే మొహమాటం, కాదంటే వినయం. ఎవరూ మొహమాటమనుకోని పని ఒక్కటే కనపడింది. అతను శాలువా తీసి, నాలుగు మడతలు పెట్టి, జగ్గారావు చేతుల్లో పెట్టాడు.

కప్పిన శాలువాని సభలో తిరిగిచ్చేసిన మనిషిని ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఉండరు. ఫ్యాన్ల చప్పుడు వినపడసాగింది.

"అదేంటండీ... తప్పండీ అది," అన్నాడు జగ్గారావు. మైకు నోటి దగ్గరే ఉండడంతో ఆ మాట హాలంతా వినపడింది.

"తప్పేనండీ. పొట్లం మీద నా బొమ్మ తీయించెయ్యండి. వీరాయమ్మగారూ, ఒక్క పొట్లం కూడా చల్లకండి. సీడూ వద్దని మీ అబ్బాయికి చెప్పండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. "పొగరు కాపోతే ఏంటది," అని వెనకాల ఎవరో అన్నారు. వీరాయమ్మ మెల్లిగా లేచి, పొట్లాలు రెండూ తెచ్చి స్టేజీ అంచున పెట్టి వెళ్ళిపోయింది. ఆవిడ వెనకాల ఇంకొందరు. పిలుపు కార్డుల మీద జాషువా పేరే ఉంది. ఆయన దండలు పెట్టిన పళ్ళెం పట్టుకుని, తల వంచుకుని, హాలు ఖాళీ అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక సుందరమ్మ తమ్ముణ్ణి వంటింట్లోకి లాక్కెళ్ళింది. "అంతమందిలో ఆయన పరువు తియ్యాలా? ఇంట్లో చెప్తే చాలదేంట్రా?"

"చెప్పేను కదక్కా, నీ ఎదటే."

"చెప్పేవు! అన్నం తింటా గొణిగేవు."

వరండాలోంచి జాషువా గొంతు వినపడింది. సీడు అమ్మే హేచరీ వాళ్ళతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. "రేపు బండి పంపకండి... లేదండీ, వెయ్యటం లేదు... ఆయ్. ఉంటానండీ."

ఆ రాత్రి ఆయన అన్నం విడిగా తిన్నాడు.

పొద్దున్నే ఆయన చెరువుకి బయల్దేరితే ఆనందరావు నాలుగడుగుల వెనకగా నడిచాడు. నీళ్ళు ఆకుపచ్చగా తిరిగి, సీడు వెయ్యడానికి తయారుగా ఉన్నాయి. జాషువా పంచె ఎగ్గట్టి తూములోకి దిగాడు.

"ఇంతకీ ఇన్నేళ్ళూ నువ్వు చేసిందేంటి?" అన్నాడు, తూము పలక మీద పేరుకున్న నాచు గీకుతూ.

"ఆకారం చూసేనండీ."

"దాంతో మందొస్తుందా?"

"అది లేకపోతే వెతకడం కష్టమండీ. అదుంటే వస్తుందని కాదు. ఎవరైనా చేస్తే చేస్తారు."

"నీ హయాంలో?"

"రాదేమోనండీ."

జాషువా గీకడం ఆపి నడుం మీద చేతులేసుకున్నాడు. "ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పేను. పిల్లలు పాసయ్యేరో పోయేరో జూన్‌కల్లా తెలిసిపోయేది. నీ ఉద్యోగం నావల్ల కాదురా."

"నావల్లా కావట్లేదండీ," అన్నాడు ఆనందరావు. అనేశాక, ఈ మాట ఇన్నేళ్ళలో భార్యతో కూడా అనలేదని గుర్తొచ్చింది.

జాషువా మొదటిసారి అతని మొహంలోకి చూశాడు.

"దిగు. పలక నానిపోయింది, ఒక్కడి వల్ల రాదు. ఆ కొస పట్టుకో."

ఆనందరావు ప్యాంటు పైకి మడిచి దిగాడు. మొదటి ఊపుకి పలక రాలేదు. రెండోసారి జానెడు లేచింది. నీళ్ళు బుసబుసమంటూ డ్రెయిన్‌లోకి పడ్డాయి. ఇద్దరూ మోకాళ్ళ దాకా బురదలో, చెరువు తగ్గడం చూస్తూ నిలబడ్డారు. అదేమంత తొందరగా తగ్గే చెరువు కాదు.