ఒకటిన్నర చుట్టు

సంగారెడ్డి గంజి బజారులో కందులు, పెసలు టోకున కొని అమ్మే కైలాసం సేటుకు శ్రీవాణి ఒక్కతే కూతురు. ఇంజనీరింగులో చేరిన ఏడాది ఆయన ఆమెను హైదరాబాదు తీసుకుపోయి, షోరూమ్ గోడకు వేలాడుతున్న ఎలక్ట్రిక్ గిటార్లలో అన్నిటికంటే పైవరసలో ఉన్నదాన్ని దింపించాడు. లక్షా అరవై వేలు. తేనెరంగు చెక్క, మొహం కనిపించేంత నునుపు. రుద్రారంలో కాలేజీకి దాన్ని మొదటిసారి తెచ్చిన రోజున మ్యూజిక్ గదిలో ఉన్నవాళ్లంతా లేచి చుట్టూ మూగారు. ముట్టుకోవచ్చా అని అడిగి మరీ ముట్టుకున్నారు.

వాళ్లలో నిషిత ఒకతె. లక్డారం పిల్ల. తండ్రి మల్లయ్యకు ఊళ్లో రెండెకరాల భూమి ఉంది. దానితో గడవక ఇరవై రెండేళ్లుగా పటాన్‌చెరులో ఒక కంపెనీ టూల్‌రూమ్‌లో ఫిట్టరుగా చేస్తున్నాడు. నిషిత గిటారు ఆన్‌లైన్లో తెప్పించుకున్నది, ఏడు వేలది, నల్లనిది. వచ్చిన రోజున అది వాయించడానికి పనికొచ్చేలా లేదు. తీగల కింద పెన్సిలు దూర్చినా ఇంకా సందు మిగిలేది. గిటారు మెడ మీద అడ్డంగా పొదిగిన ఫ్రెట్ల చివరలు బయటికి పొడుచుకొచ్చి, చెయ్యి జరిపినప్పుడల్లా గీసుకుపోయేది.

మల్లయ్యకు సంగీతం ఓనమాలు కూడా తెలియవు. కూతురి వేళ్ల మీద గాట్లు చూసి, ఏది ఎన్ని మిల్లీమీటర్లు ఉండాలో చెప్పమన్నాడు, అంతే. ఆ పిల్ల ఫోన్లో చూసి కొలతలు చెప్పింది. నాలుగు ఆదివారాలు ఆయన అరుగు మీద కూర్చుని ఆ గిటారుతో కుస్తీ పట్టాడు. ఉక్కు స్కేలు ఆనించి, వెలుతురుకు ఎత్తి చూసి, ఎత్తుగా ఉన్న ఫ్రెట్టును సన్నటి ఆకురాయితో వెంట్రుకవాసి చొప్పున దించాడు. తీగలు కూర్చునే ప్లాస్టిక్ ముక్క తీసేసి ఇత్తడిది చేసి పెట్టాడు. మెడ లోపల వంపును సరిచేసే ఇనుప కడ్డీ ఒకటి ఉంటుందని తెలుసుకుని, దాన్ని పూటకు పావు చుట్టు తిప్పి, కట్టె సర్దుకునేదాకా ఆగి మళ్లీ చూశాడు. అయిదో వారం నిషిత దాన్ని కాలేజీకి తెచ్చి వాయిస్తే, అదే గిటారా అన్నారు.

బ్యాండును నడిపేది బాపిరాజు. భీమవరం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఫైనలియర్ అబ్బాయి. ఒక శుక్రవారం గదిలో వాదన లేచింది, ధరను బట్టే నాదం ఉంటుందా అని. బాపిరాజు దుప్పటి ఒకటి అడ్డం కట్టి, రెండు గిటార్లనూ ఒకే స్పీకరు పెట్టెకు తగిలించి, మీటలు కదపకుండా, ఒకే పాట ముక్కను రెండింటి మీదా వాయించాడు. ఖరీదైనది ఏదో చెప్పమన్నాడు. తొమ్మిదిమంది విన్నారు. శ్రీవాణి రెండోది సగంలో ఉండగానే చెయ్యెత్తింది.

"ఇదే నాది. నాది నాకు తెల్వదా?"

దుప్పటి తీస్తే బాపిరాజు ఒళ్లో నల్ల గిటారు ఉంది.

తొమ్మిదిమందిలో ఆరుగురు పొరపడ్డారు. కాని మిగతా అయిదుగురిని చూసి ఎవరూ నవ్వలేదు, శ్రీవాణిని చూసే నవ్వారు. ఎవరో ఫోన్లో తీశారు కూడా. సాయంత్రానికి అది క్లాసు గ్రూపులోకి వచ్చింది.

బాపిరాజు మాత్రం నవ్వకుండా విడమరిచి చెప్పాడు. నిజానికి శ్రీవాణి గిటారులోనే నాదం నిండుగా ఉందట, రొద కూడా తక్కువట. కాని మెడ వంగి, తీగలు పైకి లేచి ఉన్నాయి, నొక్కితే స్వరం పక్కకు జరుగుతోంది, షోరూమ్‌వాళ్లు సరిచూడకుండానే చేతిలో పెట్టారు అన్నాడు. ఏడు వేలదాన్ని సరిచేసిన చెయ్యి దీని మీద కూడా పడితే అప్పుడు అసలు తేడా వినవచ్చన్నాడు. వెంటనే నిషిత, తన తండ్రితో చేయిస్తానంది. ఆ పిల్ల మనసులో ఏ కల్మషమూ లేదు. శ్రీవాణికి అదే మింగుడు పడలేదు.

అయినా ఆదివారం లక్డారం పోయింది. మల్లయ్య కంపెనీ సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కుని, తువ్వాలు పరిచి గిటారును పసిపిల్లను పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాడు. చేసినవాడి పనితనం మెచ్చుకుంటూ రెండు గంటల్లో పూర్తి చేశాడు. నిషిత తల్లి నర్సింహమ్మ మక్క గారెలు వేసి పెట్టింది.

సోమవారం నిషిత ఆ గిటారు వాయించింది. గదిలో మాటలు ఆగిపోయాయి. ఇప్పుడు తేడా ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. నల్ల గిటారు బాగుండేది. ఇది నిలిచేది. వేలు ఆనిన స్వరం గది చివరిదాకా పోయి అక్కడ ఇంకాసేపు ఉండేది. తర్వాత శ్రీవాణి తీసుకుంది. అదే గిటారు, అదే స్పీకరు. తీగలు పొట్టిగా, తడబడుతూ పలికాయి. ఇన్నాళ్లూ తీగలు ఎత్తుగా ఉన్నాయనీ, మెడ సరిగా లేదనీ తనకు తాను చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. మల్లయ్య ఆకురాయి పెట్టి ఆ సాకును కూడా తీసేశాడు. ఇక మిగిలింది ఆమె చేతులే.

ఆ వారమే కాలేజీ వార్షికోత్సవంలో లీడ్ గిటారు నిషితదని బాపిరాజు తేల్చేశాడు.

ఉత్సవం ఇంకా మూడు రోజులుందనగా, మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయాక శ్రీవాణి నీళ్ల సీసా కోసం మ్యూజిక్ గదికి తిరిగి వచ్చింది. నల్ల గిటారు స్టాండు మీద ఉంది. కడ్డీని తిప్పే ఎల్ ఆకారపు చిన్న తాళం ఆమె గిటారు సంచీ జేబులోనే ఉంది, కొన్నప్పుడు వచ్చినది. ఎందుకు తీస్తోందో అప్పుడు ఆమెకు తెలుసు. తెలియకుండా చేశాననుకోవడానికి తర్వాత చాలాసార్లు ప్రయత్నించింది గాని కుదరలేదు.

సగం చుట్టు తేలిగ్గా తిరిగింది. అక్కడ ఆగితే రేపు తీగలు కాస్త గరగరమంటాయి, అంతే. ఆమె ఆగలేదు. రెండు చేతులూ పెట్టి ఇంకో నిండు చుట్టు తిప్పింది. లోపలెక్కడో కట్టె చిట్లిన చప్పుడైంది. తాళాన్ని చున్నీతో తుడిచి సంచీలో వేసుకుని మెస్సుకు పోయింది. నిషిత పక్కనే చోటు ఆపి ఉంచింది. ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బాలోంచి చిక్కుడుకాయ కూర ఆమె కంచంలో వేసింది. శ్రీవాణి అడిగి మళ్లీ వేయించుకుంది.

మర్నాడు పొద్దున నిషిత గిటారు తీస్తే తీగలు ఫ్రెట్లకు అంటుకుపోయి ఉన్నాయి. మెడ వెనక జానెడు పొడవున వెంట్రుకలాంటి పగులు. ఆ పిల్ల గిటారును ఒళ్లో పెట్టుకుని నేల మీద కూలబడింది. బాపిరాజు తిప్పి చూసి, ఎవరైనా పడేశారా అని అందరినీ అడిగాడు. ఎవరూ పడేయలేదు. అప్పుడు శ్రీవాణి నెమ్మదిగా అంది.

"రాకి రాకి ఎక్కడన్న పలుచగైందేమోనే. కడ్డీ గూడ అంకులే బిగించిండు గదా."

నిషిత తలెత్తి ఆమె వైపు చూసింది. ఆ పిల్లకు ఆ ఆలోచన అంతకుముందు లేదు. ఇప్పుడు వచ్చింది. వచ్చాక పోలేదు.

శ్రీవాణే తన స్కూటీ మీద ఆమెను లక్డారం తీసుకుపోయింది. మల్లయ్య రాత్రి షిఫ్టు చేసి వచ్చి నిద్ర లేచి, గడప ముందు మొహం కడుక్కుంటున్నాడు. నిషిత గిటారును ఆయన ముందు పెట్టింది.

"నీకు తెల్వని పనిల ఎందుకు చెయ్యి వెట్టినవ్ నాయినా? ఇనుప ముక్క అనుకున్నవా దీన్ని?"

మల్లయ్య మొహం తుడుచుకోకుండానే కూర్చున్నాడు. కళ్లజోడు పెట్టుకుని పగులు మీద గోరు నడిపాడు. తాళం తెచ్చి కడ్డీ మరను కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పాడు. తిప్పుతున్నంతసేపూ పెదాలు కదులుతున్నాయి. కూతురి మొహం ఒకసారి చూసి, తల దించుకున్నాడు.

"అవు బిడ్డా. జెర ఎక్కువ బిగించినట్టున్న. నాదే తప్పు."

"అందరు ఇంట్ల చేయిస్తే గిట్లనే అయితది అంటున్నరు. నాకు తల కొట్టేసినట్టైంది," అని నిషిత లోపలికి పోయింది. తలుపు వేసుకున్న చప్పుడు వినబడింది. నర్సింహమ్మ ఆమె వెనకాలే పోయింది.

మల్లయ్య శ్రీవాణిని దగ్గరికి పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"నేను ఏ నట్టు బిగించినా దాని మీద సూదితోని గీత గీస్త బిడ్డా. కంపెనీల అలవాటు. గా గీత జరిగింది. వెనక్కి తిప్పుకుంట లెక్కవెట్టిన. ఒకటిన్నర చుట్టు."

శ్రీవాణి పారిపోవడానికి స్కూటీ ఎంత దూరంలో ఉందో చూసుకుంది.

"మా పిల్లనే తిప్పింది," అన్నాడు మల్లయ్య. "ఇంక మంచిగ మోగాలని తిప్పిందో ఏమో. పలిగేసరికి భయపడ్డది, నా మీద పెడుతున్నది. పెట్టనీ. ఫంక్షన్ ముంగట దానికి గీ పరేషాన్ వద్దు. నువ్వు మాత్రం అనకు."

"అనను అంకుల్," అంది శ్రీవాణి.

వార్షికోత్సవానికి తన గిటారు ఇస్తానని శ్రీవాణే ముందుకొచ్చింది. నిషిత ఆమెను పట్టుకుని ఏడ్చింది. స్టేజీ మీద ఆ పిల్ల వాయించినంతసేపూ మైదానంలో ఈలలు ఆగలేదు. దిగి వచ్చాక అందరూ మెచ్చుకున్నది గిటారునే. లక్షన్నర ఊరికే పోతుందా అన్నారు. శ్రీవాణి ఎంత మంచిదో, తనది తీసి ఇచ్చింది అన్నారు. నిషిత కూడా మైకు తీసుకుని అదే చెప్పింది. మల్లయ్య రాలేదు. కూతురు రమ్మనలేదని, అయినా డ్యూటీ ఉందని చెప్పి కంపెనీకి పోయాడని నర్సింహమ్మ తర్వాత చెప్పింది.

ఏప్రిల్ ఎండలకు శ్రీవాణి గిటారు మెడ కట్టె ఆరి, రెండు తీగలు గరగరమనడం మొదలుపెట్టాయి. మీ నాయినకు చూపించమంటావా అని నిషితను అడిగితే, తీసుకుపొమ్మంది, తానైతే ఆయనను ఏదీ అడగనంది. ఆదివారం శ్రీవాణి మళ్లీ లక్డారం పోయింది.

నల్ల గిటారు గోడకు వేలాడుతోంది. మల్లయ్య పగులును జిగురుతో అతికి, బిగించి, పాలిష్ పెట్టాడు. వేలితో తడిమితే తప్ప అతుకు తెలియదు. నిషిత దాన్ని ఒక్కరోజు కూడా దింపలేదని నర్సింహమ్మ చెప్పింది. తండ్రితో బస్సు పాసుకు పైసలు, అన్నం పెట్టమంటావా, ఇంతకు మించి మాట లేదట.

మల్లయ్య మొదట ఒప్పుకోలేదు. ఖరీదైన సామాను, తన చెయ్యి ఇక వద్దన్నాడు. ఆమె బతిమాలితే తువ్వాలు పరిచాడు గాని తాళం ఆమె చేతికిచ్చి, తాను చెబుతానని, ఆమెనే తిప్పమన్నాడు. ఎటు తిప్పాలని శ్రీవాణి అడిగింది. ఆయన చూపించాడు. పావు చుట్టు దగ్గర ఆపమన్నాడు. ఆమె ఆపింది. ఆయన స్కేలు ఆనించి చూసి తలూపి, దించిన తల ఎత్తకుండానే అడిగాడు.

"మా పిల్ల నీతోని ఎప్పుడన్న అన్నదా బిడ్డా? తనే తిప్పిన అని."

అదే సమయం. ఆ అరుగు మీద వాళ్లిద్దరే ఉన్నారు. నిషిత నీళ్ల ట్యాంకరు దగ్గరికి పోయింది. నిజం చెప్పడానికి ఎక్కువ మాటలు కూడా అక్కర్లేదు. శ్రీవాణి నోరు తెరిచింది కూడా. తెరిచాక మల్లయ్య మొహం చూసింది. ఆయన అడుగుతున్నది లేదనిపించుకోవడానికే అని అర్థమైంది. తన కూతురు అటువంటిది కాదని ఎవరైనా అంటే చాలు. కాని కాదంటే, మరి తిప్పింది ఎవరు అని రేపు ఆయన ఆలోచిస్తాడు.

"అన్నది అంకుల్."

"ఎప్పుడు?"

"ఫంక్షన్ దినమే. మస్తు ఏడ్చింది. మీకు చెప్పొద్దన్నది."

మల్లయ్య స్కేలును తువ్వాలు అంచుకు తుడిచాడు. మళ్లీ తుడిచాడు.

"నాతోని అంటదని చూస్తున్న. గిన్ని దినాలు." అంతే అన్నాడు.

నిషిత నిండు బిందెతో వాకిట్లోకి వచ్చింది. మాటలు లేకపోయినా ఈ రెండు నెలలూ ఆయన లేచి బిందె అందుకునేవాడట. ఇప్పుడు లేచాడు గాని, ఆమె పక్కనుంచే నడిచి, చెప్పులు వేసుకుని చేను వైపు పోయాడు. నిషిత బిందెతో అలాగే నిలబడి చూసింది.

"సూసినవా?" అంది శ్రీవాణితో. "తప్పు ఆయనది, మొహం తిప్పుకునేది గూడ ఆయననే."

శ్రీవాణి బిందె దించడానికి సాయం పట్టింది. ఇద్దరూ కాసేపు కూర్చున్నారు. చదువు అయ్యాక ఈ ఇంట్లో ఉండననీ, ఇస్నాపూర్‌లో గది కిరాయికి తీసుకుని ఏదైనా కంపెనీలో చేరిపోతాననీ నిషిత చెప్పింది. తనకు ఎవరున్నా లేకున్నా శ్రీవాణి ఉందంది. శ్రీవాణి ఆమె చెయ్యి నొక్కి, పొద్దు పోతోందని లేచింది.

ఇంటికి వచ్చేసరికి తండ్రి ఇంకా గంజి నుంచి రాలేదు. ఆమె తన గదిలో కూర్చుని గిటారు వాయించింది. ఏ తీగా గరగరమనలేదు. మల్లయ్య చెప్పిన పావు చుట్టు సరిగ్గా సరిపోయింది. తల్లి రుక్మిణి వంటింట్లోంచి, ఇయ్యాల మంచిగ మోగుతున్నదే, ఎవరు చేసిండ్రు అని అడిగింది.

"నేనే," అంది శ్రీవాణి.