తడి వేలు

అదిగో మళ్లీ, మళ్లీ అరచేతిలోకే తుమ్మాడు, రుమాలనేది ఒకటుంటుందని ఈ మహానుభావుడికి పుట్టి బుద్ధెరిగాక ఎవరూ చెప్పలేదా, ఆ చేతిని ప్యాంటుకి రాసుకుని, అదే చేత్తో ప్రూఫు కాగితాలు బల్ల మీదుగా ఆవిడ వైపు జరిపాడు, ఇక మీరు చూడండక్కా అన్నాడు బొంగురు గొంతుతో, చూడక చస్తుందా, ఈ అచ్చాఫీసులో ప్రూఫు మొదట చదివేది తుమ్ముల దొర, రెండు రోజులుగా ఆవిడ మనసులో ఆయనకి అదే పేరు, రెండోసారి చదివేది ఆవిడ, సవరణలకి కాగితం తిరిగి ఆయన దగ్గరికే పోతుంది, ఇద్దరికీ ఒకటే బల్ల, ఒకటే ఫోను, ఒకటే ఫ్యాను, ఆ ఫ్యాను గాలి కూడా అటు నుంచి ఇటే, పొద్దుట్నుంచి స్పిరిట్‌లో ముంచిన దూదితో ఫోను తుడిచింది, పెన్ను తుడిచింది, బల్లంచు తుడిచింది, తలుపు గడియ తుడిచింది, ఇక మిగిలింది ఆయన ముక్కే, అదీ తుడిచేస్తే పీడా వదిలిపోతుంది.

నవ్వులాట కాదు, ఇవాళ మనవరాలు ఇంటికొస్తోంది, నెలలు నిండకుండా పుట్టి ఇన్నాళ్లూ ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పడుకున్న పిడికెడు పిల్ల, అద్దం మీద చెయ్యానించి చూడటమే కానీ ఒక్కసారైనా ఎత్తుకున్నది లేదు, అమ్మా త్వరగా వచ్చెయ్, మొదట నీ చేతుల్లోనే పెడతాను అంది కూతురు పొద్దున, డాక్టరేమో దానికి చిన్న జలుబైనా గండమే అన్నాడట, పేజీ తిప్పింది, ఇక మొహమాటపడితే కొంప మునుగుతుంది, ఇవాళ అనేయాల్సిందే, ఏమని, ఇంటికెళ్లి పడుకోరాదూ అని మెత్తగా అనాలా, కడిగిపారేయాలా, పాపం మంచివాడే, ఆవిడ కళ్లజోడు విరిగిన రోజున ఆ వంతు కూడా ఆయనే చదివిపెట్టాడు, అయితే మాత్రం, మంచితనం ఉంటే చేతులు కడుక్కోనక్కర్లేదా, పేజీ తిప్పింది, ఏమండీ, ఏమీ అనుకోకపోతే ఒక మాట,

నేనూ ఒక మాట చెప్పాలక్కా అన్నాడాయన, చెవులు ఎర్రబడ్డాయి, సొరుగులోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి ఆవిడ ముందుకు తోశాడు, లోపల తడి స్పాంజి ముక్క, కొని చాలా రోజులైందక్కా, పెద్దవారు, ఎలా చెప్పాలో తెలీక దాచేశాను, మీరు పేజీ పేజీకీ వేలు నాలుకకి అద్దుకుంటారు కదా, కాగితాలు నా దగ్గరికి తడిగానే వస్తాయి, పోయిన వారం మీకు గొంతు నొప్పి, ఈ వారం నాకు, ఇప్పుడు నాది మళ్లీ మీకు అంటిస్తానేమోనని,

వేలు, చూపుడు వేలు, ఇంకా పెదవి మీదే ఉంది.

పై ప్రాణాలు పైనే పోయాయి, ఎప్పుడు పెట్టింది నోట్లో, ఇప్పుడే, ఆయన తుమ్మిన చేత్తో పట్టుకున్న పేజీ తిప్పి, నాలుకకి అద్ది, మళ్లీ పేజీ, మళ్లీ నాలుక, పొద్దుట్నుంచీ, ఛీ, పొద్దుట్నుంచేమిటి, ఈ కుర్చీలో కూర్చున్న నాటి నుంచీ, ఫోను తుడిచింది, గడియ తుడిచింది, వేలు సంగతి తోచనే లేదు, గురివింద గింజకి తన నలుపు తెలీదని ఎంతమందిని వెక్కిరించింది, పోయిన వారం గొంతు నొప్పి నిజమే, వేణ్ణీళ్లు తాగితే తగ్గింది కదా, అదీ ఒక జబ్బేనా అనుకుంది, ఆ ఎంగిలితోనే కాగితాలన్నీ తడిపి తడిపి ఈ మనిషికి పంపి, పైగా పేరు కూడా పెట్టి, మీరేదో అనబోయారక్కా అన్నాడు, ఏం లేదండీ అంది, స్పాంజి డబ్బా తన వైపు లాక్కుంది, మీరు ఇంటికెళ్లి పడుకోండి, మిగతావి నేను చూస్తాను.

ఫోను మోగింది, తుడవకుండానే ఎత్తింది, కూతురు, అమ్మా బయల్దేరావా, పాప కళ్లు తెరిచి చూస్తోంది, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఆవిడ రెండు చేతులూ చూసుకుంది, ఇన్నాళ్లూ ఆ పిల్ల కోసం కాచుకున్న చేతులు, గొంతులో గరగర, నిజంగానే ఉందో, వట్టి భయమో, ఎవరి నుంచి పాపని కాపాడాలని స్పిరిట్ సీసా ఖాళీ చేసిందో ఆ మనిషి ఇక్కడే, ఈ కుర్చీలోనే ఉంది, వస్తానమ్మా, గుమ్మం బయటే నిలబడతాను, నువ్వే ఎత్తి చూపించు, నా చేతుల్లో పెట్టకు.