ఫ్లెక్సీలో ఓ మూల

మల్కాపురంలో మా వీధికి దేవకుమార్ పేరు పెడుతున్నారంటే పొద్దున్నే కర్ర ఊతంతో వెళ్లాను. సైన్యంలో వాడూ నేనూ ఒకే దళం. మెషిన్ గన్ ఆగకుండా కాలుస్తుంటే కొండవాలులో నలభై గజాలు పాకుతూ వచ్చి, కాలు తెగి పడున్న నన్ను బండరాయి చాటుకి లాక్కెళ్లింది వాడే. మళ్లీ వెళ్లి ఇంకొకణ్ణి తెచ్చాడు. మూడోసారి వెళ్లినవాడు తిరిగి రాలేదు.

సభ దగ్గర కట్టిన ఫ్లెక్సీ చూసేసరికి నా ఒళ్లు మండిపోయింది. నిలువెత్తు నాయకుడు నమస్కారం పెడుతున్నాడు. అతని చుట్టూ వార్డు పెద్దలు పదకొండు మంది, అందులో ఒకడు నల్ల కళ్లద్దాలతో, ఇంకొకడు చెవిన సెల్‌ఫోన్‌తో. దేవకుమార్ మాత్రం అడుగున ఓ మూల, పోస్టల్ స్టాంపంత.

"ఇదేటి బావా, ఎవడి సభ ఇది?" అని సభ పెట్టిన శ్రీరామ్మూర్తిని నిలదీశాను.

"పెద్దోల ఫొటోలు ఎయ్యకపోతే ఊరుకుంతారేటి? కాస్త సర్దుకో బావా."

"ఆడూ సర్దుకుని కూకునుంటే నానీపాటికి మట్టిలో ఉందును!" అని అరిచాను.

వెనక వరుసలోంచి దేవకుమార్ తల్లి విమలమ్మ లేచింది. రిబ్బన్ కోసం పళ్లెంలో పెట్టిన కత్తెర తీసుకుని, ఫ్లెక్సీ దగ్గర వంగి, కొడుకు బొమ్మను చుట్టూ కత్తిరించింది. ఆ ముక్కను చేతిసంచిలోని బైబిల్లో పెట్టుకుని, కత్తెర మళ్లీ పళ్లెంలో ఉంచింది.

"మావోణ్ణి నాను తీసుకెల్లిపోతన్నాను బాబూ. ఈ ఈదికి మీలో ఎవరి పేరన్నా ఎట్టుకోండి."