మోడల్‌కి చెప్పిన మాట

కంపెనీలోకి మోడల్ తెచ్చింది నేనే. అందులో తప్పేం లేదని ఇప్పటికీ పోట్లాడతాను. నాకు ఒళ్లు మండేదల్లా, దాన్ని తెచ్చుకుని మావాళ్లు చేసిన ఘనకార్యానికే.

మాది చిన్న కంపెనీ. కదల్లేని రోగిని మంచం మీంచి లేపి కుర్చీలోకి దించే యంత్రాలు చేస్తాం. యజమాని మా బాబాయి. కరెంటు పనంతా పిన్ని వాళ్ల అన్నయ్య, అంటే మావయ్యది. ఇద్దరూ కలిసి రేకుల షెడ్డులో మొదలుపెట్టారు. ఏది మార్చాలన్నా టీ తాగే బల్ల దగ్గరే తేలేది. మావయ్య గొంతెత్తి మార్చాలనేవాడు, బాబాయి అంతకన్నా గొంతెత్తి కుదరదనేవాడు. టీ చల్లారేలోపు ఎలాగో ఒక దారికొచ్చేవారు. ఫిట్టర్లు, వెల్డరు అందరూ వినేవారు.

యంత్రాలు పెద్దవయ్యేకొద్దీ కేకలతో పని జరగలేదు. పోరి పోరి మోడల్ పెట్టించాను. యంత్రం మొత్తం కంప్యూటర్లో ఉంటుంది, ఏ భాగం దేనిమీద ఆధారపడిందో గీతలతో సహా. ఒకటి మారిస్తే, దానివల్ల ఇబ్బందిపడే ప్రతి భాగం పక్కనా ఎర్ర చుక్క వెలుగుతుంది. అది చూసి బాబాయి ఏదో ఒకటి తేల్చాలి. అంతే, బ్రహ్మవిద్యేం కాదు.

ఆ సాఫ్ట్‌వేర్ ఒక్క కంప్యూటర్‌కే కొన్నాడు బాబాయి. "నువ్వున్నావుగా, అందరికీ ఎందుకమ్మా?" అన్నాడు. అక్కడితో ఆగినా బావుండేది. టీ బల్ల దగ్గర పని మాటలు మాన్పించేశాడు. "ఏదున్నా వెళ్లి మోడల్‌కి చెప్పండి" అని హుకుం జారీ చేశాడు. మోడల్ అంటే నా గది. మావయ్య తలుపు దగ్గర నిలబడి, "అమ్మాయ్, మీ స్వామివారికి చిన్న విన్నపం" అని నవ్వేవాడు. చెప్పింది నేను ఎక్కించేదాన్ని. రాన్రానూ ఆ నవ్వు తగ్గింది. "మీ బాబాయితో మాట్లాడి ఎన్నాళ్లయిందే" అన్నాడోసారి. పక్క గదిలోనే ఉన్నాడు బాబాయి!

ఈలోగా పాత బ్యాటరీలు దొరకడం ఆగిపోయింది. బరువైన కొత్తది పెడుతున్నానని మావయ్య చెప్పాడు, ఎక్కించాను. వెనక చక్రాల బ్రేకు పక్కన చుక్క వెలిగింది, ఆ బరువుకి ఈ బ్రేకు చాలదని. బాబాయికి చెప్పాను. ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ "చూస్తాలే" అన్నాడు.

ఆసుపత్రివాళ్లు యంత్రం చూడ్డానికి వచ్చే రోజు బాబాయి నా తెర చూసి మొహం చిట్లించాడు.

"ఏంటే ఇది, ఒళ్లంతా అమ్మవారు పోసినట్టు? వాళ్లకి ఇవి కనపడకూడదు."

"కనపడకపోతే జబ్బు పోతుందా బాబాయ్?" అని ఎగిరాను.

"వాళ్లు వెళ్లాక మళ్లీ పెట్టుకో తల్లీ, నీకు దణ్ణం పెడతా" అంటూ తనే మౌసు లాక్కుని చుక్కలన్నీ దాచేశాడు. ఒక్కటైనా చదవలేదు.

తర్వాత జరిగింది ఫిట్టర్ చెబితే విన్నాను, నేను గదిలో ఉన్నాను. ఇసుక బస్తా ఎక్కించిన యంత్రాన్ని వాలు మీద నిలిపి బ్రేకు వేశారు. ఆగలేదు. మెల్లగా జారి, ఆసుపత్రివాళ్ల ముందే గోడకి గుద్దుకుంది.

"ఎవర్నడిగి మార్చావు బ్యాటరీ?" అని అరిచాడట బాబాయి.

"చెప్పాను బావా" అన్నాడట మావయ్య.

"ఎవరికి?"

"మోడల్‌కి."

ఆసుపత్రివాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో బాబాయికి ఒళ్లు తెలీలేదు. "మా ఆవిడ అన్నవని ఇన్నేళ్లూ భరించాను" అనేశాడు. అందరి ముందూ! ఆ షెడ్డుకి రేకులు ఇద్దరూ కలిసి మోసుకొచ్చి వేసుకున్నారే, అసలు ఏ నోటితో అన్నాడు! మావయ్య చేతిలో టెస్టర్ బల్ల మీద పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

అతిథుల్ని సాగనంపాక బాబాయిని నా గదికి లాక్కొచ్చి, చుక్కలు మళ్లీ తెరమీదికి తెచ్చాను. "నీకు చెప్పానా లేదా?" అన్నాను. బ్రేకు దగ్గర ఆయన చూపు ఆగిపోయింది. "చెప్పావు" అన్నాడు. నాకు అరవాలని ఎంత ఉందో, ఆ మొహం చూసి అరవలేకపోయాను.

సాయంత్రం ఇద్దరం మావయ్య ఇంటికి వెళ్లాం. కూర్చోబెట్టి తనే టీ పెట్టి ఇచ్చాడు. బాబాయి ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేశాడు. "తప్పు నాదే బావా. నీకూ ఒక కంప్యూటర్ కొంటాను. మునుపట్లాగే బల్ల దగ్గర మాట్లాడుకుందాం. రేపు వచ్చేయ్."

"బ్రేకుదేముంది, మార్చుకోవచ్చు" అన్నాడు మావయ్య మెల్లగా. "ఆ మాట అందరి ముందూ అన్నావు బావా. ఇప్పుడిక్కడ ముగ్గురమే ఉన్నాం. నీ తప్పని నాకు చెబితే నేనేం చేసుకోను? నాకు ముందే తెలుసుగా."

మర్నాడు బాబాయి అందర్నీ నిలబెట్టి, పిన్నిని కూడా పిలిపించి, తప్పు తనదేనని చెప్పాడు. ఫిట్టర్ మావయ్యకి ఫోన్ చేసి అంతా వినిపించాడు. "సంతోషం. కొత్త బ్రేకు వేశాక మళ్లీ వాలు మీద పెట్టి చూడమను" అన్నాడట. రాలేదు. పిన్ని ఇప్పటికీ బాబాయికి అన్నం పెడుతుంది గానీ, పక్కన కూర్చోదు.

ఇప్పుడు మోడల్ అందరి బల్లల మీదా ఉంది. పొద్దున్నే అందరం చేరి ఒక్కో చుక్కా చూస్తాం. మావయ్య లేకపోయినా పని సవ్యంగానే సాగుతోంది, అదే నా కడుపుమంట. మావయ్య స్థానంలో వచ్చిన ఇంజనీరు బుద్ధిమంతుడు, పని తెలిసినవాడు. నిన్న ఒక వైరింగ్ మార్పు చూపించి, "దీనికేమంటావు?" అని అడిగాడు బాబాయి.

"మీరెలా అంటే అలాగే సార్."



"ఒక్కసారైనా కాదనవయ్యా" అన్నాడు బాబాయి.